నిలబడే గీతలు, పడుకునే గీతలు

మా జెన్నీది పుర్రచెయ్యి. వాళ్ళమ్మదీ అంతే.

పరిమళ కూరగాయలు ఎడమ చేత్తో తరిగేది. బావిలో నీళ్ళు ఎడమ చేత్తో తోడేది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ ఆమె చేతిలో చెంబు లాక్కుని కుడిచేతిలో పెట్టేది. మా అమ్మ అటు తిరగ్గానే చెంబు మళ్ళీ ఎడమ చేతిలోకి వెళ్ళేది. ఒకసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముక్క కోసం ఎడమ చెయ్యి చాపింది. పాస్టరు గారు ముక్క ఇవ్వకుండా ఆగారు. ఆమె చెయ్యి మార్చేదాకా ఆగారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఎవరో ఏమిటి, సంఘపెద్ద క్రిస్టఫర్ గారు నవ్వారు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

రెండు వేల ఒకటి వానల్లో పరిమళకి జ్వరం తలకెక్కింది. వైజాగు తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. జెన్నీకి అప్పటికి రెండేళ్ళు. చావుకి వచ్చినవాళ్ళందరూ పిల్లని మేం చూసుకుంటామన్నారు. వారం తిరక్కుండా ఇంట్లో నేనూ పిల్లా మిగిలాం. ఆ మరుసటేడు మా అమ్మ కూడా పోయింది.

నేను బోర్డులు రాస్తాను. నర్సీపట్నంలో ఎరువుల కొట్లు, బట్టల కొట్లు. కోటవురట్ల, నాతవరం రోడ్ల మీద సిమెంటు కంపెనీల గోడలు. మా ఊళ్ళో ఐదో తరగతి చదువుకున్నాను. అక్షరం అందంగా రాయడానికి దాని అర్థం తెలియనక్కర్లేదు. ఇంగ్లీషు బోర్డులు చాలా అలాగే రాశాను.

పనికి వెళ్తే పిల్ల నాతోనే వచ్చేది. నేను నిచ్చెన మీద, అది కింద. ఊరికే కూర్చోమంటే కూర్చోదు కదా. అరిగిపోయిన బ్రష్షు ఒకటి, డబ్బాలో నీళ్ళు ఇచ్చాను. గోడ కింది భాగమంతా నీళ్ళతో పూసేది. ఎండకి అది ఆరిపోయేది. మళ్ళీ పూసేది. కొన్నాళ్ళకి పూయడం మానేసి గీయడం మొదలుపెట్టింది. చుట్టలు చుట్టలుగా ఒక గీత. ఆ గీత ఎక్కడ మొదలైందో అక్కడికి రాకుండా బయటికి పోయేది. అంతా ఎడమ చేత్తోనే. ఏడవకుండా ఉంటే చాలనుకున్నాను. అంతకు మించి నాకే ఆలోచనా లేదు.

ఒకరోజు నీళ్ళ డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. లారీవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ జూన్‌లో బడిలో వేశాను. దానికి మూడు నిండి నాలుగోది నడుస్తోంది.

చింతపల్లి రోడ్డు వైపు ప్రభుకుమార్ గారి ఇంగ్లీషు మీడియం స్కూలు. ఆయన మా చర్చి మనిషే. జెన్నీని బడిలో వేసే ముందే స్కూలు పేరు గేటు మీద కొత్తగా రాయమని పిలిచారు. నేను రాస్తున్నాను, జెన్నీ కింద నీళ్ళతో గీస్తోంది. లోపల్నుంచి ఒక టీచరు వచ్చి దాని పక్కన గొంతుక్కూర్చుంది. నర్సరీకి కొత్తగా వచ్చిన రాచెల్. ఎస్.రాయవరం పిల్ల. వైజాగులో చిన్నపిల్లల ట్రైనింగు చేసి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో.

"ఈ ఆట ఎవరు నేర్పారండీ?" అని అడిగింది.

"ఎవులూ నేర్పనేదు. ఏడవకుండా ఉంటాదని ఇచ్చినాను."

"ఎంత బాగుందో చూడండి. భుజం దగ్గర్నుంచి తిప్పుతోంది."

నేను చూడలేదు. నా గీత తప్పుతుంది. "పుర్రసెయ్యి" అన్నాను. "మీ స్కూల్లో కడతారా?"

"ఏటి కడతారు?"

"సెయ్యి. మా ఊళ్ళో మేస్టారు పుర్రసేతి గుంటల్ని బెంచీకి కట్టీసీవారు. కుడిసెయ్యి అలవాటయ్యేదాకా."

ఆమె నవ్వింది. "నేను ఏ చెయ్యీ పట్టుకోనండీ. కట్టడం మాట అటుంచండి, పట్టుకుని దిద్దించను కూడా. చెయ్యి పట్టుకుని రాయిస్తే ఆ గీత నాదవుద్ది గాని దానిది కాదు కదా."

ఈ మాట ఆమే అంది. నేను అడిగితే అన్నది కాదు, తనంతట తానే అంది.

వారం తర్వాత మళ్ళీ పిలిచింది. నర్సరీ గదికి వెనక ఒక పొడుగు గోడ ఉంది. దానికి అడుగున, నా మోకాలి ఎత్తున, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నల్లరంగు పట్టీ వెయ్యమంది. ఎందుకన్నాను. పిల్లలు నిలబడి గీసుకోవడానికంది. నేను నేల మీద కూర్చుని పట్టీ వేస్తుంటే ఎదురుగా కిరాణా కొట్టు దేవుళ్ళు గడప మీద నిలబడి చూశాడు. వాడి మనవడు కూడా నర్సరీలోనే ఉన్నాడు.

"ఏటి రాజూ, అంత కిందకి ఏటి రాత్తన్నావు? కుక్కలు సదవడానికా?"

"నువ్వు సదూతావని."

"నాకేటి సదువొచ్చు. కుక్కలే నయం." పెద్దగా నవ్వాడు. అప్పట్లో వాడు నాతో బాగానే ఉండేవాడు.

ఆ పట్టీ మీద రాచెల్ ఏం చేయించిందో నేను చాలాసార్లు చూశాను. జెన్నీని తీసుకెళ్ళడానికి కాస్త ముందే వెళ్ళేవాణ్ణి. పళ్ళాల్లో తవుడు పోసి వేళ్ళతో గీయించేది. తడిగుడ్డతో నల్లగోడ తుడిచి, తడి ఆరేలోపు సుద్దతో గీయమనేది. చీపురుపుల్లకి సుద్దముక్క కట్టి దూరం నుంచి గీయమనేది. అది వంకరపోతే పిల్లలు పడీపడీ నవ్వేవారు. వాన అంటే అందరూ చుక్కలు కొట్టాలి. అన్నిటికంటే వాళ్ళకి ఇష్టం బస్సు.

"బస్సు ఎక్కడికెళ్తోంది?"

"సింతపిల్లి!"

"ఘాటు రోడ్డు వచ్చింది. డ్రైవరు గేరు మార్చాడు!"

పిల్లలందరూ గొంతులోంచి గేరు చప్పుడు చేస్తూ గోడ పొడుగునా మెలికలు గీసుకుంటూ పరిగెత్తేవారు. ఒకళ్ళ ఘాటు రోడ్డు ఇంకొకళ్ళ ఘాటు రోడ్డు మీద పడేది. జెన్నీ వాళ్ళకి ఎదురొచ్చేది. పుర్రచెయ్యి కాబట్టి ఆ చివర్నుంచి మొదలుపెట్టేది. మధ్యలో గుద్దుకునేవారు. "ఎదర బస్సు ఆపండి, జెన్నీ బస్సుకి దారివ్వండి" అనేది రాచెల్. ఏ చేత్తో గీస్తున్నావని ఎవరినీ అడిగేది కాదు.

స్కూలు ఆయా సోమలమ్మ పక్కన కూర్చుని పొగాకు నములుతూ చూసేది. చింతపల్లి అవతల కొండమనిషి. మొగుడు పోయాక కిందకి వచ్చింది.

"మా కొండమీద గోడలకి గుంటలే పూత్తారు బాబూ. ఎవులూ పీజు కట్టరు" అనేది నాతో.

ఇంటి దగ్గర కూడా జెన్నీ గీసేది. పొయ్యిబొగ్గుతో, ముగ్గుపిండితో, వంటింట్లో ఒలికిన నీళ్ళతో. అదే చుట్ట, బయటికి పోయే అదే గీత. ఏమిటని అడగొద్దని రాచెల్ చెప్పింది. అడిగితే పిల్లలు మనకి నచ్చే జవాబు వెతుక్కుంటారట. నేను అడగలేదు. అన్నం తింటూ ఆ ఎడమ చెయ్యి చూసేవాణ్ణి. ఆ మణికట్టు వంపు నాకు తెలుసు. పరిమళ వస్తువులన్నీ ఆమె తోబుట్టువులు పంచుకుపోయారు. అదొక్కటి పట్టుకుపోలేకపోయారు.

నవంబరులో ప్రభుకుమార్ గారికి ఓపిక అయిపోయింది. నేను వెళ్ళేసరికి గోడ దగ్గర రాచెల్‌తో మాట్లాడుతున్నారు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"పక్క స్కూల్లో నర్సరీ పిల్ల జెడ్ దాకా రాసేస్తోంది టీచర్. మనవాళ్ళు ఏం రాశారు? బస్సు ఎక్కింది. వాన పడింది."

"ముందు చెయ్యి తిరగాలి సార్. చెయ్యి తిరిగితే అక్షరాలు వాటంతటవే..."

"చెయ్యి తిరగడం పేరెంటుకి ఎలా చూపిస్తావమ్మా? నీళ్ళతో గీయిస్తావు, ఆరిపోద్ది. సుద్దతో గీయిస్తావు, తుడిచేస్తావు. సాయంత్రం అతను వచ్చి చూస్తే ఖాళీ గోడ. ఖాళీ గోడకి ఫీజెందుకు కట్టాలంటున్నాడు."

ఆమె తలవంచుకుంది.

"జనవరి ఇరవయ్యారుకి జెండా వందనానికి అందరూ వస్తారు. ఆ రోజు గోడ మీద ఏదో ఒకటి కనబడాలి. కనబడి ఉండిపోవాలి. లేదంటే పలకలు తెప్పిస్తాను. నిలబడే గీతలు, పడుకునే గీతలు, ఆ తర్వాత ఏ బీ సీ డీ. నువ్వు చెప్పినా సరే, ఇంకో టీచరు చెప్పినా సరే." వెళ్తూ వెళ్తూ జెన్నీ వైపు చూశారు. "ఆ పుర్రచెయ్యి సంగతి కూడా చూడు."

ఆయన అటు వెళ్ళాక రాచెల్ నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. "ఉండిపోయే రంగు కావాలంటండీ. మీ ఎనామిల్ పిల్లల చేతికి ఇవ్వొచ్చా?"

"కళ్ళల్లో పడితే గుడ్డోళ్ళవుతారు."

సోమలమ్మ పొగాకు ఉమ్మేసింది. "జాఫ్రా ఉంది కదమ్మా. తినీ సరుకే. సంతకి మావోళ్ళు తెత్తారు. గింజ నానబెట్టి నలిపితే ఎర్రగా దిగుద్ది. బేగి పోదు."

అదే అందరూ ఒప్పుకున్న సంగతి. అందులో తప్పు ఇప్పటికీ నాకు కనబడదు.

జనవరి ఇరవయ్యారు పొద్దున నల్లపట్టీకి పైన, పిల్లల ఎత్తున, నేను వేసిన సున్నం తెల్లగా ఆరి ఉంది. సోమలమ్మ రెండు బేసిన్లలో జాఫ్రా నలిపి పెట్టింది. పిల్లలందరికీ తెల్లబట్టలు. జెండా ఎగిరింది. లడ్డూలు పంచారు. ప్రభుకుమార్ గారు దేశం గురించి మాట్లాడారు. తర్వాత అందరినీ వెనక గోడ దగ్గరికి తీసుకొచ్చారు.

మొదట బాగానే జరిగింది. అది కూడా చెప్పాలి. రాచెల్ "బస్సు బయల్దేరింది" అనగానే పిల్లలు వేళ్ళు ముంచి తెల్లగోడ మీద ఎర్రగా ఘాటు రోడ్లు వేసుకుంటూ పోయారు. తల్లులు నవ్వారు. దేవుళ్ళు మనవణ్ణి చూసి "మా డ్రైవరుబాబు!" అని ఈల వేశాడు. క్రిస్టఫర్ గారు కూడా కుర్చీలో ముందుకు వంగి మనవరాలి గీత ఎంతదాకా వచ్చిందో చూశారు. ప్రభుకుమార్ గారి ముఖంలో భయం పోయింది. జెన్నీ ఆ చివర్నుంచి ఎదురొచ్చింది. ఎప్పుడూ గీసే చుట్ట ఈసారి గోడ మీద తన నిలువంత పెద్దది గీసింది. నేను నా జన్మలో అంతసేపు ఒక గోడ వైపు చూడలేదు.

"వాన వచ్చింది!" అంది రాచెల్.

గోడ నిండా చుక్కలు పడ్డాయి. గోడ మీద చోటు అయిపోయింది. జెన్నీ తన చేతి మీద ఒక చుక్క పెట్టుకుంది. పక్కనున్న పిల్ల నుదుటి మీద ఒకటి పెట్టింది. ఆ పిల్ల క్రిస్టఫర్ గారి మనవరాలు. దేవుళ్ళు మనవడు తన ముఖం చాపాడు. వాడికీ ఒకటి పెట్టింది. ఇంకో ఇద్దరు ముఖాలు పైకెత్తి నిలబడ్డారు, వాన కోసం.

క్రిస్టఫర్ గారు లేచారు.

"నా మనవరాలికి బొట్టు ఎవరు పెట్టారు?"

ఆయన జేబురుమాలు తీసి పిల్ల నుదురు తుడిచారు. ఎరుపు నుదురంతా పాకింది.

"రుద్దకండి బాబూ, ఇంకా పాకుతాది. కొబ్బరినూని రాత్తే పోద్ది" అంది సోమలమ్మ.

"నువ్వు నోర్ముయ్. కొండమీద జాతర అనుకున్నావా? పిల్లలందర్నీ నిలబెట్టి బొట్లు పెట్టిస్తావా? మూడు తరాల క్రైస్తవులం మేము. మా ఇంట్లో ఆడపిల్ల నుదుటికి ఇంతవరకూ ఎవరూ ఎరుపు అంటించలేదు."

అప్పటికి దేవుళ్ళు కూడా మనవణ్ణి లాక్కున్నాడు. వాడి తెల్లచొక్కా ముందంతా ఎర్రటి వేళ్ళు. "ఆగండి ఆగండి. బొట్టేటండీ? బొట్టయితే కుంకంతో పెడతారు. ఈ నీళ్ళేటి? ఆదివారం మైకులో రక్తం రక్తం అని పాడతారు, ఇదేనా అది? మా గుంటణ్ణి మీ మతంలో కలిపీసుకుందారని సూసినారా?"

"మేమెందుకు రాస్తామయ్యా రక్తం?"

"మేమెందుకు పెడతామయ్యా బొట్టు?"

"జాఫ్రా బాబూ. ఇప్పుడు తిన్నారే, ఆ లడ్డూలో రంగు కూడా అదే కావొచ్చు" అంది సోమలమ్మ. ఆ మాట విని ఒకావిడ చేతిలో లడ్డూ కింద పారేసింది.

ఇద్దరూ చేతులు ఊపుకుంటూ అరుచుకుంటున్నారు. అలాగే అరుచుకుని వెళ్ళిపోయేవారేమో. దేవుళ్ళు తల్లి అచ్చియమ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"అది సరే. ఏ సేత్తో పెట్టింది?"

అందరూ ఆగారు.

"నాను సూసినాను. ఆ బోర్డులోడి గుంట పుర్రసేత్తో పెట్టింది. పుర్రసేత్తో బొట్టు సచ్చినోళ్ళకి కూడా పెట్టరు. నా మునిమనవడికి ఏటైనా అయితే ఎవులు సెప్తారు?"

అక్కడితో ఇద్దరికీ రాజీ కుదిరింది. క్రిస్టఫర్ గారు దేవుళ్ళు వైపు చూసి తలూపారు. "వాళ్ళమ్మకీ అదే అలవాటు" అన్నారు. చర్చిలో నవ్విన మనిషి. ఎరుపు ఎవరి ఎరుపో తేలకపోయినా చెయ్యి ఎవరిదో తేలింది. అందరూ జెన్నీని చూశారు. అది వేళ్ళు చాపుకుని నిలబడి ఉంది. జాఫ్రా మోచేతి దాకా కారుతోంది. ఆట అయిపోయిందని దానికి ఇంకా తెలియదు.

"ఏమిటి టీచర్ ఇది?" అన్నారు ప్రభుకుమార్ గారు. "మీరు చెప్పరా పిల్లలకి?"

రాచెల్ ఒకసారి ఆయన్ని చూసింది. ఒకసారి గోడని చూసింది. తర్వాత వంగి జెన్నీ ఎడమ మణికట్టు పట్టుకుంది. పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది.

"ఈ చేత్తో వద్దని రోజూ చెప్తూనే ఉన్నానండీ. వినదు."

రోజూ చెప్పలేదు. ఒక్కరోజూ చెప్పలేదు.

జెన్నీ ఏడవలేదు. టీచరు ముఖం చూసింది. తర్వాత, గాలిలో ఉన్న తన చెయ్యి చూసుకుంది, అది ఇంకెవరిదో అయినట్టు.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళాను. "సెయ్యి వొదులు" అన్నాను. వదిలింది. మణికట్టు చుట్టూ ఆమె వేళ్ళు ఎర్రగా పడ్డాయి. ఆమె చేతులూ బేసిన్లో ముంచినవే కదా. ఇంటికి తీసుకెళ్ళి కొబ్బరినూనె రాశాను. రెండు రోజులకి గాని పోలేదు.

సోమలమ్మని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. మూట నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు ఆగింది.

"నానేటి సేసినాను బాబూ? గింజలు నానబెట్టినాను. అంతేగదా?"

"అంతే."

"గుంట తిందా?"

"తింది."

"ఆ టీసరమ్మని ఏటనకు. సిన్నది."

చింతపల్లి బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రభుకుమార్ గారు పాస్టరు గారిని పిలిపించి గోడ దగ్గర ప్రార్థన చేయించారు. దేవుళ్ళు గేటు బయట కొబ్బరికాయ కొట్టాడు. గోడకి సున్నం వేశారు. జాఫ్రా సున్నం కిందనుంచి మళ్ళీ పైకి వచ్చింది. ఇంకో పూత వేశారు. పాలలో రక్తం కలిసినట్టు గోడంతా గులాబీరంగు తేలింది. చివరికి వైజాగు నుంచి ఫ్లెక్సీ తెప్పించారు. ఏ కి ఆపిల్, బీ కి బాల్, జెడ్ కి జీబ్రా. గోడ పొడుగునా మేకులు కొట్టి బిగించారు. నల్లపట్టీ కూడా దాని వెనక్కి పోయింది. మా వీధిలో అదే మొదటి ఫ్లెక్సీ. తర్వాత కొట్లన్నిటికీ వచ్చాయి. నా పని ఏమైందో అది వేరే సంగతి.

జెన్నీని ఇంకో స్కూలుకి తీసుకెళ్ళాను. హెడ్మాస్టరు బల్ల మీదే కర్ర ఉంది. "పుర్రచెయ్యా? నెలలో మారుస్తాం" అన్నాడు ధీమాగా. వెనక్కి తెచ్చాను. ఇంట్లో ఉంచడానికి ఇంట్లో ఎవరున్నారు? నేను నిచ్చెన ఎక్కితే అది రోడ్డు మీద ఉంటుంది. మళ్ళీ ప్రభుకుమార్ గారి స్కూలుకే పంపాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం రాచెల్ ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు.

"వందనాలు అన్నయ్యా."

నేను బ్రష్షులు కడుక్కుంటున్నాను.

"మా నాన్న మంచం మీద ఉన్నారు. నా జీతం తప్ప ఇంకేమీ లేదు మాకు. ఆ రోజు అందరూ అలా చూస్తుంటే నాకేం పాలుపోలేదు. నోట్లోంచి వచ్చేసింది."

"నోట్లోంచి వచ్చిందా? సేత్తో కదా పట్టుకున్నావు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"నాకు సెప్పకు" అన్నాను. "పిల్లకి సెప్పు."

జెన్నీ లోపలి గదిలోంచి చూస్తోంది. రాచెల్ గొంతుక్కూర్చుని సంచిలోంచి రంగు సుద్దలు తీసింది. "జెన్నీ, దా అమ్మా. బస్సు ఎక్కిద్దామా? చింతపల్లి బస్సు."

జెన్నీ ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుంది.

"నేను ఈ చేత్తో రాయను టీచర్" అంది. ఫిర్యాదులా అనలేదు. ఇంటిపని పూర్తి చేశానని చెప్పినట్టు అంది.

"రాయొచ్చమ్మా. ఏ చేత్తో అయినా రాయొచ్చు."

"వద్దని రోజూ చెప్పారు కదా."

రాచెల్ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడిస్తే ఏడ్చింది. నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆమెకి కారణాలున్నాయి. అందరికీ ఉంటాయి. క్రిస్టఫర్ గారికి కూడా ఏవో ఉండే ఉంటాయి. సుద్దలు గుమ్మంలో వదిలి వెళ్ళింది. అవి వానకి కరిగేదాకా అక్కడే ఉన్నాయి. జెన్నీ ముట్టుకోలేదు. నేనూ తియ్యలేదు.

స్కూల్లో పలకలు వచ్చాయి. నిలబడే గీతలు ఒక వారం, పడుకునే గీతలు ఒక వారం, వాలిన గీతలు ఒక వారం. రాచెలే నేర్పింది. పిల్లల వెనక నిలబడి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని దిద్దించేది. నేను గేటు దగ్గర్నుంచి చూశాను. గది నిశ్శబ్దంగా ఉండేది. ప్రభుకుమార్ గారు గర్వంగా పేరెంట్లని కిటికీ దాకా తీసుకొచ్చి చూపించేవారు. దేవుళ్ళు మనవడు ఏప్రిల్‌కి జెడ్ దాకా రాశాడు. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ వాడి పలక చూపించేవాడు దేవుళ్ళు. నన్ను మాత్రం పలకరించడం మానేశాడు.

ఎల్‌కేజీకి కూడా రాచెలే టీచరు. ఒకరోజు గేటు దగ్గర నా చేతిలో జెన్నీ కాపీ పుస్తకం పెట్టింది. పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తెరిచి చూశాను. ఒక్క గీత వంకరపోలేదు. రెండు లైన్ల మధ్య అక్షరాలు నా సిమెంటు గోడల మీద అక్షరాల్లా నిలబడ్డాయి. ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకుతో గుడ్, వెరీ గుడ్. చివరి పేజీలో నక్షత్రం.

కిటికీలోంచి లోపలికి చూశాను. జెన్నీ బెంచీ మీద నిటారుగా కూర్చుని కుడిచేత్తో రాస్తోంది. ఎడమ చెయ్యి కనబడలేదు. కాస్త పక్కకి జరిగి చూశాను. ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఎవరూ కట్టలేదు. తాడు అక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం పని లేదు. పెరట్లో గోడ ఎండకి వేడెక్కి ఉంది. డబ్బాలో నీళ్ళు పోసి, దానికి మొదట ఇచ్చిన ఆ పాత బ్రష్షే వెతికి తీసి జెన్నీని పిలిచాను.

"గీసుకో" అన్నాను.

కుడిచేత్తో అందుకుంది. నేను ఆ బ్రష్షు తీసి ఎడమ చేతిలో పెట్టాను. వేళ్ళు ముడవలేదు. బ్రష్షు జారి నేల మీద పడింది. వంగి కుడిచేత్తో తీసుకుంది.

"ఈ చేత్తో అయితే బాగా వస్తాది నాన్నా" అంది.

"ఏటి గీస్తావు?"

"ఏటి గీయాలి?"

నా ముఖం చూసి, తనే గోడ ముందు నిలబడింది. పైనుంచి కిందికి ఒక గీత గీసింది. దాని పక్కన, ఎంత దూరం ఉండాలో చూసుకుని, ఇంకొకటి. ఇంకొకటి. వరసగా గోడ అంచు దాకా నిలబడే గీతలు గీసింది. చుట్ట లేదు. బయటికి పోయే గీత లేదు. ఆ చుట్ట ఏమిటని అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగడానికి గోడ మీద అది లేదు.

చివరి గీత గీసేసరికి మొదటిది ఆరిపోతోంది. ఇంతకు ముందయితే పరిగెత్తి మళ్ళీ పూసేది. ఇప్పుడు బ్రష్షు పట్టుకుని నా వైపు తిరిగి నిలబడింది.

"కరెక్టే కదా నాన్నా?"

"కరెక్టే" అన్నాను.

మిగిలిన నీళ్ళు కాలవలో పోసింది. బ్రష్షు విదిలించి నా సామాన్లలో దాని చోట దాన్ని పెట్టేసి, హోంవర్కు ఉందని లోపలికి వెళ్ళింది.